పాత్రధారణ వీడియో గేమ్‌ల అభిమాన పటాలు: పాఠపరిష్కరణ దృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం

1980, 90 దశకాలనాటి ద్విపరిమాణ రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్‌ల ప్రపంచాలకు అభిమానులు తయారుచేసిన సంపూర్ణ పటాలు ఇప్పుడు ఆ గేమ్‌ల అధ్యయనానికి ఆకరాలుగా ఉపయోగపడుతున్నాయి. వీటిని గేమ్‌కు యథాతథమైన నకళ్లుగా స్వీకరించడం సులభం. కానీ ప్రతి పటం వెనుకా పటకర్త చేసిన ఎంపికలు ఉన్నాయి. ప్రధానంగా డ్రాగన్ క్వెస్ట్, ఫైనల్ ఫాంటసీ పరంపరల నుంచి ఉదాహరణలు తీసుకొని, అభిమాన పటం ఒక పరిష్కృత పాఠం వంటిదనీ, పరిష్కృత ప్రతిని అడిగే ప్రశ్నలనే దీన్నీ అడగవలసి ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్, పాత్రధారణ, పటం, గడి, పాఠభేదం, పాఠపరిష్కరణ, డ్రాగన్ క్వెస్ట్, ఫైనల్ ఫాంటసీ.

1. ఉపోద్ఘాతం

వైకుంఠపాళి ఆడేవారికి ఆట మొదలుకాకముందే పటమంతా కనిపిస్తుంది. ఏ గడిలో నిచ్చెన మొదలవుతుందో, ఏ గడిలో పాము నోరు తెరచుకొని ఉందో తెలిసే గవ్వలు వేస్తారు. తెలియనిది పడబోయే పందెం ఒక్కటే. 1980లలో కంప్యూటర్లపైనా, టీవీకి తగిలించే గేమ్ యంత్రాలపైనా ప్రచారం పొందిన రోల్ ప్లేయింగ్ గేమ్‌లు దీనికి తలకిందులుగా నడుస్తాయి. ఇక్కడ ఆటగాడు ఒక కథానాయకుడి పాత్ర ధరిస్తాడు. ఊళ్లు, అడవులు, సముద్రాలు, గుహలు దాటుతూ, శత్రువులతో పోరాడి క్రమంగా బలం పెంచుకొంటూ కథను చివరికి చేరుస్తాడు. ఈ ప్రయాణంలో అతనికి ఏ క్షణాన చూసినా తన చుట్టూ ఉన్న కొద్దిపాటి నేల మాత్రమే కనిపిస్తుంది. మిగిలిన ప్రపంచమంతా యంత్రంలోనే ఉంటుంది.

దాన్ని బయటికి తెచ్చి, ఒకే చిత్రంగా పరచినవారు అభిమానులు. వారు తయారుచేసిన పటాలలో సముద్రతీరం మొదలు గుహలోని ఆఖరి గోడ వరకు ప్రతి చుక్కా గేమ్‌లో ఉన్న కొలతలోనే ఉంటుంది. ఈ ఖచ్చితత్వం వల్లనే ఒక భ్రమ కూడా ఏర్పడింది. ప్రతి పిక్సెలూ గేమ్ నుంచే వచ్చింది కనుక ఇందులో పటకర్త సొంతంగా చేర్చిందేమీ లేదని అనిపిస్తుంది. ఒక గేమ్ స్థలనిర్మాణాన్ని గురించి రాసే విద్యార్థి నలభై గంటల ఆట ఆడే బదులు పటం చూసి రాసినా తేడా ఉండదనుకొంటాడు.

తాళపత్ర ప్రతులతో పనిచేసినవారికి ఇందులోని చిక్కు వెంటనే తెలుస్తుంది. సి.పి. బ్రౌన్ పండితులచేత ప్రతులను సరిచూయించిన కాలం నుంచి నేటి వరకు మన పరిష్కర్తలు ఎదుర్కొన్న ప్రశ్న ఒకటే: ఇన్ని ప్రతుల మధ్య మూలం ఏది? పరిష్కర్త అచ్చుకిచ్చిన ప్రతిలో ప్రతి అక్షరమూ ఏదో ఒక తాళపత్రం నుంచే వచ్చి ఉండవచ్చు. అయినా ఆ మొత్తం కూర్పు అంతకుముందు ఏ తాళపత్రంలోనూ లేదు. అభిమాన పటం పరిస్థితి కూడా ఇదే.

2. గళ్ల కాగితం నుంచి తెరపటం వరకు

ఈ పటాల పూర్వరూపాలు ఆటగాళ్లు పెన్సిల్‌తో గీసుకొన్న గళ్ల కాగితాలు. ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ 1981లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం రూపొందించిన విజార్డ్రీలో ఆటగాడు నేలమాళిగను పైనుంచి కాక ఎదుటినుంచి, సన్నని గీతల గోడలుగా చూస్తాడు. మొత్తం పది అంతస్తులు, ఒక్కొక్కటి 20×20 గళ్లు. అడుగుపెట్టినవారి దిక్కును చెప్పకుండా మార్చే గళ్లు, మరోచోటికి విసిరేసే గళ్లు, ఏమీ కనిపించని చీకటి ప్రాంతాలు ఇందులో ఉన్నాయి. గ్రాఫ్ కాగితం పక్కన లేకుండా దీన్ని ఆడడం దాదాపు అసాధ్యం. తామున్న స్థానాన్ని చెప్పే డుమాపిక్ అనే మంత్రాన్ని రచయితలే గేమ్‌లో పెట్టారు. పటం గీసుకొనే శ్రమను వారు ఆటలో భాగంగానే చూశారని దీన్నిబట్టి ఊహించవచ్చు. రిచర్డ్ గారియట్ మరో దారి తొక్కాడు. అతని అల్టిమా 2 (1982) పెట్టెలో గుడ్డమీద అచ్చువేసిన పటం ఉండేది. అది కథాలోకపు వస్తువులా అందంగా ఉంటుంది కానీ గడిగడినీ చూపదు.

ఈ రెండు పరంపరల ప్రభావంతో యూజీ హోరీ రూపొందించిన డ్రాగన్ క్వెస్ట్‌ను ఎనిక్స్ సంస్థ 1986 మే 27న జపాన్‌లో విడుదల చేసింది. మరుసటి ఏడాది డిసెంబరులో స్క్వేర్ సంస్థ ఫైనల్ ఫాంటసీని తెచ్చింది. రెండూ నింటెండో వారి ఫామికామ్ యంత్రానికి రాసినవే. రెండింటిలోనూ నేలను పైనుంచి చూస్తాం. ఇవి 1989, 1990లలో అమెరికా చేరినప్పుడు అక్కడి పత్రికలు, మార్గదర్శక పుస్తకాలు తెరల చిత్రాలను అతికించిన పటాలను అచ్చువేశాయి. తరువాత ఇంటర్నెట్ తొలిరోజుల్లో అక్షరాలు, విరామచిహ్నాలతోనే కొండలూ గోడలూ పేర్చిన పటాలు వచ్చాయి. పాత యంత్రాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ఎమ్యులేటర్లు 1990ల చివర వ్యాపించాకనే, పిక్సెల్ చెడకుండా తెరను పట్టుకోవడం సామాన్య ఆటగాడికి సాధ్యమైంది.

3. తెర చూపేదెంత, యంత్రంలో ఉన్నదెంత

ఫామికామ్ తెర 256 పిక్సెల్‌ల వెడల్పు, 240 పిక్సెల్‌ల ఎత్తు. ఈ గేమ్‌లలో నేల 16×16 పిక్సెల్‌ల గళ్లుగా పరచి ఉంటుంది. అంటే తెరపై ఒకసారికి అడ్డంగా 16, నిలువుగా 15, మొత్తం 240 గళ్లు కనిపిస్తాయి. డ్రాగన్ క్వెస్ట్ ప్రపంచం 120×120 గళ్లు. ఆటగాడు ఎప్పుడు చూసినా అందులో అరవయ్యో వంతు మాత్రమే చూస్తాడు. ఫైనల్ ఫాంటసీ ప్రపంచం 256×256 గళ్లు. అక్కడ కనిపించేది 273వ వంతు.

పటకర్తలు ప్రధానంగా రెండు దారులలో పనిచేస్తారు. మొదటిది అతుకుల దారి. కథానాయకుణ్ణి నడిపిస్తూ ఒక్కొక్క తెరను చిత్రంగా పట్టి, అంచులు కలిపి పరుస్తారు. ఇందులో ఒక చిత్రమైన ఇబ్బంది ఉంది. ఈ గేమ్‌లలో నాయకుడు ఎప్పుడూ తెర నడిమధ్యనే ఉంటాడు కనుక పట్టిన ప్రతి చిత్రంలోనూ ఉంటాడు. అతణ్ణి తొలగించాలంటే పక్కచిత్రం అంచుతో అతను నిలుచున్న గడిని కప్పాలి. ఇలా కొన్ని వందల చిత్రాలలో నాయకుణ్ణి ఓపికగా చెరిపేస్తే గాని పటం తయారుకాదు. పని పూర్తయ్యేసరికి మిగిలేది నాయకుడు లేని కావ్యం.

రెండవ దారి తవ్వకం వంటిది. కార్ట్రిడ్జ్‌లోని దత్తాంశాన్ని నేరుగా చదివి, ఒక చిన్న ప్రోగ్రామ్‌తో పటాన్ని గీయిస్తారు. డ్రాగన్ క్వెస్ట్ జపాన్ కార్ట్రిడ్జ్ మొత్తం నిల్వ 64 కిలోబైట్లు మాత్రమే. 14,400 గళ్ల ప్రపంచాన్ని గడికొక బైటు చొప్పున రాస్తే అందులో ఐదోవంతుకు పైగా దానికే పోతుంది. అందుకే ‘సముద్రం పదహారు గళ్లు, తరువాత ఇసుక మూడు’ అన్నట్లుగా, ఒకే రకం గళ్లు వరుసగా ఎన్ని ఉన్నాయో మాత్రమే నమోదు చేశారు. ఆ కుదింపును విప్పినవారికి మొత్తం నేల ఒక్కసారిగా దొరుకుతుంది.

రెండు దారుల్లో వచ్చిన పటాలు పైకి ఒకేలా కనిపించవచ్చు. కానీ వాటి ప్రామాణ్యం ఒకటి కాదు. మొదటిది ఆటగాడు చూడగలిగినదాన్ని చూపుతుంది. రెండవది యంత్రంలో ఉన్నదాన్ని చూపుతుంది. ఎవరూ అడుగుపెట్టలేని మూలలు, గేమ్‌లో ఎన్నడూ తెరచుకోని స్థలాలు కూడా అందులో చేరవచ్చు. 1994లో జపాన్‌లో, మరుసటి ఏడాది అమెరికాలో ఎర్త్‌బౌండ్ పేరుతో వచ్చిన మదర్ 2లో ఈ తేడా మరీ స్పష్టం. అందులో ఊళ్లు, దారులతోపాటు ఇళ్లలోపలి గదులు సైతం ఒకే మహాపటంలో, ఖాళీ దొరికినచోటల్లా సర్ది నిల్వచేశారు. దత్తాంశాన్ని ఉన్నదున్నట్లు గీస్తే ఒక ఇంటి గది ఆ ఇంటికి సంబంధం లేనిచోట తేలుతుంది. కథాభూగోళాన్ని చూపాలంటే పటకర్త దాన్ని మళ్లీ పేర్చాలి. రెండింటిలో ఏది మూలమన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదని నా అభిప్రాయం.

4. పటకర్త నిర్ణయాలు

గేమ్‌లోని నేల కాలంతో మారుతుంది, పటం మారదు. అసలు నిర్ణయాలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

ఫైనల్ ఫాంటసీలోని గుహలూ కోటలూ ఇందుకు మంచి ఉదాహరణ. నడవలో ఉన్నంతసేపు గదులు మూసి ఉంటాయి, లోపల ఏముందో తెలియదు. తలుపు తీసి లోపలికి వెళ్లగానే గది వెలుగుతుంది, బయటి నడవ కనిపించకుండా పోతుంది. అన్ని గదులూ తెరచుకొని, నడవలన్నీ కూడా కనిపించే స్థితి ఈ గేమ్‌లో ఎప్పుడూ ఉండదు. అభిమాన పటాలు సాధారణంగా చూపేది సరిగ్గా ఆ లేని స్థితినే. ఇది తప్పు కాదు. ఇలా చూపకపోతే పటం వల్ల ప్రయోజనం లేదు. కానీ దీన్ని నకలు అనడం మాత్రం కుదరదు.

ఊరిజనం సంగతి మరొకటి. వారు అటూ ఇటూ తిరుగుతుంటారు. అతుకుల పద్ధతిలో పక్కపక్క తెరలు వేర్వేరు క్షణాల్లో పట్టుబడతాయి కనుక, జాగ్రత్తపడకపోతే ఒకే ముసలివాడు పటంలో రెండుచోట్ల నిలబడతాడు, లేదా ఎక్కడా లేకుండా పోతాడు. కొందరు పటకర్తలు ప్రతి మనిషినీ అతని తొలిస్థానంలో నిలుపుతారు. కొందరు మనుషులందరినీ తీసేసి ఊరిని నిర్మానుష్యం చేస్తారు. పెట్టెలు మూసి చూపాలా, తెరచి చూపాలా? గోడ వెనుక దాగిన దారిని బయటపెట్టాలా? లేఖకుడు వదిలిన ఖాళీని పూరించాలా వద్దా అన్న సందేహం ఎదురైన పరిష్కర్తకు ఈ తర్జనభర్జన పరిచితమే.

కథే ప్రపంచాన్ని మార్చినప్పుడు ఒక్క పటం చాలదు. ఫైనల్ ఫాంటసీ 6 (1994) నడుమ ప్రళయం వస్తుంది. సమతౌల్య ప్రపంచం పోయి శిథిల ప్రపంచం వస్తుంది. క్రోనో ట్రిగర్ (1995) ఒకే నేలను సామాన్యశకానికి పూర్వం 6.5 కోట్ల ఏళ్లనాటి నుంచి క్రీ.శ. 2300 వరకు వేర్వేరు యుగాలలో చూపుతుంది. వీటిని పక్కపక్కన పరిచినప్పుడే ఏ తీరం ఎప్పుడు విరిగిందో తెలుస్తుంది.

ఇక అసలైన పాఠభేదాలు. ఫైనల్ ఫాంటసీలో దయ్యాలు కాదు, ఎల్ఫ్‌లు అనే వనదేవతలవంటి జాతి నివసించే ఊరొకటి ఉంది. అక్కడి శ్మశానంలోని ఒక సమాధిపై జపాన్ ప్రతిలో లింక్ పేరుంటుంది. అది నింటెండో వారి జెల్డా గేమ్ నాయకుడి పేరు. అమెరికా ప్రతిలో అదే రాతిపై ఎర్డ్రిక్ అని ఉంటుంది. ఇది డ్రాగన్ క్వెస్ట్ పురాణవీరుడికి అమెరికాలో పెట్టిన పేరు. పోటీ సంస్థ నాయకుణ్ణి సమాధిలో పెట్టిన ఈ కొంటెతనం పటం మీది బొమ్మలో ఎక్కడా కనిపించదు, రాతి పక్కన వ్యాఖ్య రాస్తే తప్ప. ఫైనల్ ఫాంటసీ 4 (1991) జపాన్ ప్రతిలో మరుగుజ్జుల కోటలోని రహస్యమార్గం గేమ్ నిర్మాతల గదికి తీసుకువెళుతుంది. గేమ్‌ను తయారుచేసినవారే అందులో పాత్రలుగా ఎదురవుతారు. అదే ఏడాది ఫైనల్ ఫాంటసీ 2 పేరుతో వచ్చిన అమెరికా ప్రతిలో ఆ గదికి దారి లేదు. ఏ ప్రతి నుంచి గీసిందో చెప్పని పటంలో ఆ గది ఉంటే ప్రక్షిప్తమనిపిస్తుంది, లేకుంటే లుప్తభాగమనిపిస్తుంది.

పేర్ల విషయంలోనూ ఇంతే. డ్రాగన్ క్వెస్ట్ తొలికోట జపాన్ ఆటగాళ్లకు రాదతోము, అమెరికా ఆటగాళ్లకు టాంటెజెల్. పటంపై ఏ పేరు రాశారన్నది పటకర్త ఏ పాఠకుల కోసం పనిచేశాడో చెబుతుంది.

5. పటం మాత్రమే చెప్పగలిగినవి

ఇంతవరకు చెప్పినవి పటాన్ని సందేహించడానికి కారణాలుగా తోచవచ్చు. కానీ ఆడుతున్నంతసేపు ఎవరికీ తట్టని విషయాలు పటం చూసినప్పుడే బయటపడతాయి. పరిష్కృత ప్రతి వచ్చాకనే గ్రంథం మొత్తంపై విమర్శ సాధ్యమైనట్లే ఇదీను.

ఫైనల్ ఫాంటసీ ప్రపంచంలో ఓడ తూర్పు అంచు దాటితే పడమట తేలుతుంది. భూమి గుండ్రంగా ఉందనుకొని ఆటగాడు సరిపెట్టుకొంటాడు. ఉత్తరపుటంచు దాటితే దక్షిణపుటంచున తేలుతుంది. ఇక్కడ ఆగి ఆలోచించాలి. గోళంమీద ఉత్తరధ్రువం దాటినవాడు అవతలివైపు దక్షిణముఖంగా దిగుతాడు తప్ప దక్షిణధ్రువం దగ్గర తేలడు. రెండు జతల అంచులూ ఇలా కలిసే కాగితాన్ని చుట్టి అతికిస్తే వచ్చేది బంతి కాదు, గారె. గణితజ్ఞులు టోరస్ అనే ఆకారమది. కనుక చదరపు పటానికి నిజమైన అంచులు లేవు. దాన్ని ఎక్కడ కోసి పరచాలన్నది కూడా ఒక ఎంపికే. దత్తాంశం మొదలైన చోటనే కోయడం ఆచారమైంది.

ఈ గేమ్‌లోనే ప్రవోకా అనే రేవుకు ఈశాన్యంగా ఒక సన్నని ద్వీపకల్పం ఉంది. కథ ఇంకా తొలిదశలో ఉండగానే అక్కడికి వెళ్లవచ్చు. దాని కొసన మాత్రం ఆ దశకు ఎంతమాత్రం తగని బలమైన రాక్షసులు ఎదురవుతారు. నిలదొక్కుకొని గెలిచినవారికి బోలెడంత అనుభవబలం దక్కుతుంది. ఆటగాళ్లు దీన్ని ‘బలద్వీపకల్పం’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. కారణం కథలో లేదు. 256×256 ప్రపంచాన్ని యంత్రం 8×8 ఖండాలుగా, ఒక్కో ఖండం 32×32 గళ్లుగా విభజించి, ఖండానికొక రాక్షసుల పట్టికను కేటాయించింది. ద్వీపకల్పపు కొస ఒక గీత దాటి, తరువాతి దశకు ఉద్దేశించిన పై ఖండంలోకి పొడుచుకువచ్చింది. నేలను గీసిన చేయి, గీతలు గీసిన లెక్క ఒకదానినొకటి చూసుకోలేదు. పటంపై ఆ గీతలు గీసిచూపినప్పుడు ఈ విషయం చూపుకే అందుతుంది. రచనాప్రక్రియ తాలూకు జాడ తుదిపాఠంలో మిగిలిపోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

డ్రాగన్ క్వెస్ట్ పరంపరలో ప్రయోజనం వేరు. తొలి గేమ్ జరిగిన అలెఫ్‌గార్డ్ దేశం రెండవ గేమ్ (1987) విశాలప్రపంచంలో ఒక మూలకు కుదించుకుపోయి కనిపిస్తుంది. పాత ఊళ్లు చాలావరకు అందులో ఉండవు. మూడవ గేమ్ (1988) నాయకుడు పైలోకంలో బయలుదేరి చివరికి దిగే పాతాళలోకం మళ్లీ అదే అలెఫ్‌గార్డ్, అయితే తొలికథకు పూర్వకాలానిది. మూడు పటాలూ పక్కన పెట్టుకొన్నవారికి ఒకే స్థలపురాణాన్ని మూడుసార్లు, మూడు కొలతల్లో చెప్పిన తీరు తెలుస్తుంది. మూడవ గేమ్ పైలోకం పటం చూస్తే అది మన భూమికి వికృతచిత్రమని వెంటనే గుర్తుపడతాం. పోర్చుగల్‌ను తలపించే దేశపు రాజు తూర్పు నుంచి మిరియాలు తెమ్మంటాడు. మిరియాలు దొరికే ఊరు మన దేశం ఉండవలసిన చోటనే ఉంది. దాని పేరు బహరత. ఆ ధ్వని గురించి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

6. చీకటి గుహ, వెలుతురు పటం

పటాన్ని ఆకరంగా వాడే పరిశోధకుడు పోగొట్టుకొనేది ఏమిటో కూడా చూడాలి. డ్రాగన్ క్వెస్ట్ గుహలు చీకటిగా ఉంటాయి. దివిటీ లేనివాడికి తాను నిలబడిన గడి తప్ప మరేమీ కనిపించదు. దివిటీ వెలిగిస్తే 3×3 గళ్లు కనిపిస్తాయి. పటంలో అదే గుహ పట్టపగల్లా ఉంటుంది. అలా చూసినవారు ఇది చాలా చిన్న గుహ, దారి కూడా సూటిగానే ఉంది, రూపకల్పన పేలవం అని తీర్పు చెప్పే ప్రమాదం ఉంది. ఆ గుహను కట్టింది తొమ్మిది గళ్ల వెలుతురు కోసం. ప్రతి మలుపూ ప్రాణబలం ఎంత మిగిలింది అన్న లెక్కతో కూడి ఉంటుంది. మనోధర్మానికి చోటున్న రాగాన్ని స్వరలిపిలో మాత్రమే చదివి అంచనా వేయడం వంటిది ఆ తీర్పు.

పటాన్ని చూపడం, దాచడం నిర్మాతలకూ ఆటలో భాగమే. ఫైనల్ ఫాంటసీలో మాటోయా అనే మంత్రగత్తె గుహలో చీపుళ్లు తిరుగుతుంటాయి. వాటితో మాట్లాడితే అర్థంలేని అక్షరాలు పలుకుతాయి. తిరగేసి చదివితే ఏ రెండు బటన్లు కలిపి నొక్కాలో తెలుస్తుంది. నొక్కితే ప్రపంచమంతా ఒక్క తెరలో ఇమిడిన చిన్న రూపురేఖాపటం వస్తుంది. పటం చూసే హక్కును ఆటగాడు ఇలా ఒక పొడుపుకథ విప్పి సంపాదించుకోవాలి.

అయినా ఈ పటాలను వదులుకొనే వీలు లేదు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్, సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ 2023లో వెలువరించిన అధ్యయనం తేల్చింది. గేమ్ దొరకనిచోట పటమే మిగిలిన సాక్ష్యం అవుతుంది. అలాంటప్పుడు ఏ దేశపు ప్రతి, ఏ యంత్రం, అతికించినదా తవ్వినదా, కథలో ఏ దశను చూపుతోంది, ఏమేమి తొలగించారు అన్న వివరాలు పటం వెంట ఉండాలి. తాళపత్ర ప్రతి చివర లేఖకుడు రాసుకొన్న గద్యను మనం ఎంత ఆసక్తితో చదువుతామో, పటం మూలన పటకర్త రాసుకొన్న రెండు పంక్తులనూ అంత శ్రద్ధగా చదవవలసి ఉంటుంది. ఆ పంక్తులను కత్తిరించి పటాన్ని మరోచోట పెట్టేవారు కూడా ఉన్నారు. అది పటకర్త శ్రమకు అన్యాయం, తరువాతి పాఠకుడికి నష్టం.

కొందరు పటకర్తలు ఒకే స్థలానికి రెండు పటాలు ఇస్తారు. ఒకటి గుర్తులేమీ లేనిది, మరొకటి వ్యాఖ్యాసహితం. ఈ పద్ధతి ఎంత అవసరమో డ్రాగన్ క్వెస్ట్‌లోని ఒక బురదనేల తెలుపుతుంది. ఎర్డ్రిక్ చిహ్నం అనే వస్తువు లేకుండా చివరి కోటకు దారి దొరకదు. అది టాంటెజెల్ కోట నుంచి దక్షిణంగా 70, తూర్పుగా 40 అడుగుల దూరంలో ఉందని కథలో ఒకరు చెబుతారు. రాకుమారి ఇచ్చే ప్రేమకానుక కోట ఎటువైపు ఎన్ని అడుగులుందో ఎప్పటికప్పుడు చెబుతుంటుంది. ఆ లెక్కలు కలిసేచోటికి వెళితే అక్కడ చుట్టుపక్కల గళ్లన్నిటిలాంటి బురదగడి ఒకటి ఉంటుంది. తేడా పిక్సెలంత కూడా లేదు. గుర్తులు లేని పటం ఆ గడిని పరిపూర్ణంగా చూపుతుంది, కానీ దాని గురించి ఏమీ చెప్పదు. రెండవ పటంలో దాని చుట్టూ ఒక ఎర్రగీత ఉంటుంది.